భండారు అచ్చమాంబ : విద్యయు సఖ్యమును

తెలుగు కథానిక పుట్టుకను గూర్చిన చర్చ చాలకాలము గురజాడ అప్పారావుగారి దిద్దుబాటుతో మొదలై దానితోనే ముగియుచుండెడిది. ఆ కథ 1910వ సంవత్సరమున ఆంధ్రభారతి పత్రికయందు వెలువడినది. అంతకు ఎనిమిదేండ్లకు పూర్వమే, 1902వ సంవత్సరమున, హిందూసుందరి పత్రికలో కథలు ప్రకటించిన స్త్రీ యొకరు కలరు. ఆమె భండారు అచ్చమాంబగారు. ఆమె సంసారజీవితము గడచినది తెలుగుసీమలో గాదు. మరాఠీ, హిందీ భాషలు వ్యవహారమందున్న మధ్యపరగణాలలో. బడిలో చదువుకొనుటకు ఆమెకు వీలు కలుగలేదు. జీవించినది 30 సంవత్సరములే. అయినను చరిత్రరచన, కథారచన, సమాజస్థాపన అను మూడు మార్గములందును ఆమె తెలుగు స్త్రీలకు ముందునడచిరి. ఈ మూడింటిని కలిపి చూచినప్పుడు ఒక విషయము ప్రధానముగా గోచరించును. ఒంటరిగానున్న స్త్రీయందు విద్య కనబడినచో లోకము శంకించును, భయపడును. ఆ విద్యనే పదిమంది స్త్రీల స్నేహమునందు నిలిపి, ఇంటింటి మాటగా చేసి, ఆ భయమును పోగొట్టుటయే అచ్చమాంబగారు పూనిన కార్యము.

అచ్చమాంబగారు 1874వ సంవత్సరమున కృష్ణామండలమందలి నందిగామ ప్రాంతమున జన్మించిరి. తండ్రి కొమఱ్ఱాజు వెంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. తరువాతి కాలమున ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు సంపాదకులై ప్రసిద్ధికెక్కిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు ఆమె తమ్ముడు. ఆయన జననము 1877. అచ్చమాంబగారికి ఆరేండ్ల ప్రాయముననే తండ్రి గతించిరి. ఆనాటి ఆచారము ననుసరించి చిన్నతనమందే ఆమెను భండారు మాధవరావుగారి కిచ్చి వివాహము చేసిరి. మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరుగా నుద్యోగము చేయుచుండిరి. కాపురమునకు వెళ్లిన అచ్చమాంబగారు తల్లిని, తమ్మునిగూడ తమయొద్దకు రప్పించుకొనిరి. తండ్రిలేని బాలునకు అక్కగారి యిల్లే ఆశ్రయమయ్యెను, నాగపురమే విద్యాస్థానమయ్యెను.

ఆ యింట తమ్ముడు పాఠములు చదువుచుండగా అక్కగారు ప్రక్కన కూర్చుండి వినుచు, వ్రాయుచు, తెలుగును హిందీని నేర్చుకొనిరి. ఉపాధ్యాయుడు లేడు, తరగతి లేదు, పరీక్ష లేదు. తరువాత మరాఠీ, గుజరాతీ, వంగభాషలలో గ్రంథములు చదివి గ్రహింపగల శక్తిని సంపాదించిరి. సంస్కృతమునందును కొంత ప్రవేశము కల్పించుకొనిరి. అక్కకు తమ్ముడు అక్షరములు చూపెను. తమ్మునకు అక్క అన్నము పెట్టి చదువు నిలిపెను. ఒకరి విద్య మరొకరికి ఋణమై, ఆ ఋణము మరల విద్యగానే తీరుట వారిద్దరి జీవితములందును కాననగును. లక్ష్మణరావుగారు పెద్దవారైన పిదప ప్రజలకు దేశభాషలో శాస్త్రగ్రంథము లందింపవలెనని సంకల్పించుటకు, ఇంటిలో చదువు కొఱకు ఆకలిగొన్న అక్కగారి నిదర్శనముకూడ కారణమై యుండునని తలచుట అసంగతము కాదు.

ఆమె జీవితమునకు రంగస్థలమైన మధ్యపరగణాల స్థితిని కొంత తెలిసికొనుట అవసరము. ఆ పరగణాల తూర్పుభాగమే ఛత్తీస్‌గఢము. అర్పానది యొడ్డున నున్న బిలాసపురము అందలి ముఖ్యపట్టణములలో నొకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడి, నాగపురమునుండి తూర్పునకు దారి వేయగా, బిలాసపురమున 1889లో స్టేషను వెలసినది. 1891 నాటికి అది ఒకవైపు ఆసన్‌సోలునకు, మరొకవైపు కట్నీకి పోవు మార్గములకు కూడలి యయ్యెను. రైలుతోపాటు ఇంజనీర్లు, గుమాస్తాలు, డ్రైవర్లు, ఫిట్టర్లు నానాదేశములనుండి వచ్చి చేరిరి. తెలుగువారును అట్లే వచ్చి, కాలక్రమమున ఆ రైల్వేపట్టణపు జనములో గణనీయమైన భాగమైరి. 1931లో రాయపురము విజయనగరము దారి పూర్తియైన తరువాత ఈ సంబంధము మరింత బలపడెను. ఉద్యోగము భర్తది, పరభాషాప్రాంతమున తోడులేక, పలుకరించువారు లేక పగలెల్ల గడపవలసినది భార్య. అచ్చమాంబగారి తరమునాటి తెలుగు గృహిణులు మధ్యపరగణాలలో ననుభవించిన ఏకాంతమును గుర్తింపనిచో, వారికి స్నేహమన నెంత విలువయో, టపాలో వచ్చు తెలుగు పత్రిక యెట్టి నేస్తమో బోధపడదు.

ఈ ప్రాంతము వాఙ్మయదృష్టిచేతను శూన్యమైనది గాదు. 1900వ సంవత్సరము జనవరిలో అప్పటి బిలాసపురము జిల్లాలోని పేండ్రానుండి మాధవరావు సప్రేగారు ఛత్తీస్‌గఢ్ మిత్ర అను హిందీ మాసపత్రికను ప్రారంభించిరి. ఆయన మాతృభాష మరాఠీ, సేవించినది హిందీ. 1901లో ఆ పత్రికయందు ప్రకటితమైన ఆయన కథ, ఏక్ టోక్‌రీ భర్ మిట్టీ, హిందీలోని తొలి కథానికలలో నొకటిగా పరిగణింపబడుచున్నది. జమీందారు చేత గుడిసె పోగొట్టుకొన్న ఒక అనాథవృద్ధురాలు, ఒక్క గంపెడు మట్టి నెత్తలేనివాడు ఇంత భూమిభారము నెట్లు మోయునని యాతనికి తెలివితో బుద్ధిచెప్పుట అందలి యితివృత్తము. ఆ మరుసటి యేడే అచ్చమాంబగారి తెలుగు కథలు వెలువడినవి. హిందీ కథానికయు తెలుగు కథానికయు ఇంచుమించుగ నొకే కాలమున, మధ్యపరగణాలతో సంబంధించిన పరభాషీయుల చేతులమీదుగా రూపొందుటయు, రెండింటను స్త్రీ వివేకమే కథకు ఊపిరియగుటయు, భారతీయ భాషాసాహిత్యములను తులనాత్మకముగా పరిశీలించువారు గమనింపదగిన విషయము.

అదే సీమలో స్త్రీ వివేకమునకు మరియొక ముఖముకూడ కలదు. ఛత్తీస్‌గఢపు పల్లెలలో మంత్రగత్తెను టోన్‌హీ యందురు. బిడ్డకు జ్వరము వచ్చినను, ఆవు పాలియకున్నను, వానలు వెనుదీసినను, ఊరిలో దిక్కులేని యొక విధవమీదనో మందుమాకులు తెలిసిన యొక ముసలిదానిమీదనో ఆ నింద పడుచుండెడిది. నింద పడినదానిని కొట్టుట, వెలివేయుట, చంపుటకూడ జరిగినవి. ఈ దురాచారము నడ్డగించుటకు ఛత్తీస్‌గఢ రాష్ట్రప్రభుత్వము 2005లో ప్రత్యేకశాసనమే చేయవలసివచ్చినది. తెలుగుదేశమున చేతబడి, బాణామతి, చిల్లంగి యను పేళ్లతో చెలామణియైన భయములును ఈ జాతివే. వీనికిని, చదివిన యాడుది చెడిపోవును, పుస్తకము పట్టినచో పసుపుకుంకుమలకు ముప్పు అని ఆ కాలపు పెద్దలు చెప్పుచుండిన మాటలకును మూలము వేఱు గాదు. స్త్రీకి తెలిసినది మనకు తెలియనిదైనచో అది కీడే యను శంక రెండింటికిని సమానము. విచిత్రమేమనగా, ఇట్టి శంకలు నిండిన సీమలోనే బిలాసపురము తన పేరును బిలాస యను బెస్తస్త్రీ వలన పొందినదని జనశ్రుతి. ఆమె పేరనే అచ్చటి విమానాశ్రయము నేడు వ్యవహరింపబడుచున్నది.

అచ్చమాంబగారి సంసారము సుఖమయమైనదని చెప్పుటకు వీలులేదు. ఆమెకు కలిగిన కుమారుడును కుమార్తెయు చిన్నతనముననే మృతినొందిరి. ఆ దుఃఖమును ఆమె రెండు విధముల జయింప యత్నించిరి. అనాథలైన బాలబాలికలను కొందఱను ఇంట నుంచుకొని పోషించి చదువు చెప్పించుట యొకటి, గ్రంథరచన రెండవది. ఈ రెండవ యత్నము యొక్క ఫలమే అబలాసచ్చరిత్ర రత్నమాల.

ఈ గ్రంథము ప్రథమభాగము 1901లో వెలువడినది. స్త్రీవిద్యాపక్షపాతియైన కందుకూరి వీరేశలింగం పంతులుగారి ప్రోత్సాహము దానికి లభించినది. భారతదేశచరిత్రలో సుమారు వేయి సంవత్సరముల కాలమున ప్రసిద్ధికెక్కిన స్త్రీలు 30 మందికి పైగా ఇందు వర్ణితులైరి. స్త్రీలు దుర్బలలు, బుద్ధిహీనలు, విద్య నేర్చినచో దుర్మార్గగామినులగుదురు అను మూడు వాదములను ఖండించుట గ్రంథోద్దేశము. ఖండనకు ఆమె తర్కము నాశ్రయింపలేదు, శాస్త్రవచనముల నంతగా నాశ్రయింపలేదు, ఉదాహరణముల నాశ్రయించిరి. ఒక్క స్త్రీ గొప్పదైనచో అది వింత. పదిమంది గొప్పవారైనచో అది కాకతాళీయము. ముప్పదిమందిని వరుసగా నిలిపినచో ఆక్షేపకునకు బదులు చెప్పుట కష్టము. వివిధభాషాగ్రంథములనుండి విషయములు సేకరించి, ప్రదేశము, మతము, కులము అను భేదము పాటింపక, రాణులను, కవయిత్రులను, పండితురాండ్రను ఒకే మాలలో గ్రుచ్చుటలో ఆమె చరిత్రకారిణీదృష్టి స్పష్టమగుచున్నది. వేదపురాణకాలముల స్త్రీలకు రెండవ భాగమును, విదేశస్త్రీలకు మూడవ భాగమును కేటాయింపవలెనని ఆమె సంకల్పము.

ఆ మాలలో ఖనా చరిత్రము ప్రత్యేకముగా పేర్కొనదగినది. ఖన వంగదేశమున జనశ్రుతియందు నిలిచిన జ్యోతిషపండితురాలు. ఆమె మిహిరుని భార్యయనియు, మామగారికి సాధ్యముగాని గణితమును సాధించెననియు, ఆ ప్రతిభ రాజసభకు తెలియగా ఇంటి మగవారికి తలవంపులగునని ఆమె నాలుక కోయబడెననియు కథ. పంటలు, వానలు, నాగళ్లను గూర్చి ఆమె పేర వాడుకలోనున్న సూక్తులను వంగదేశపు రైతులు నేటికిని స్మరింతురు. ఖన మంత్రగత్తె గాదు, గణకురాలు. అయినను ఆమెకు జరిగిన శిక్ష మంత్రగత్తెలకు జరుగు శిక్షను పోలియున్నది. నక్షత్రముల నడకను చెప్పిన నోటిని మూయించినవారు పరాయివారు గారు, స్వజనమే. తెలుగు పాఠకురాండ్రకు ఈ చరిత్రము నందించుటలో అచ్చమాంబగారి వివేచన సూక్ష్మమైనది. సుసీ తారు, కె. లలితగారలు సంకలనపఱచి 1991లో ప్రకటించిన భారతీయస్త్రీల రచనల సంపుటమున అచ్చమాంబగారి రచనగా ఈ భాగమునే ఎన్నుకొనుట సమంజసముగనే యున్నది.

ఖన యొంటరి. ఆమెకు తోడుగా మాటలాడగల స్త్రీ యొక్కతెయు ఆ కథలో లేదు. ఈ లోపమును పూరించుటకో యన్నట్లు, అచ్చమాంబగారి తరువాతి రచనలన్నియు సంభాషణము చుట్టును తిరిగినవి. 1902 ఏప్రిలులో సత్తిరాజు సీతారామయ్యగారు ఏలూరునుండి హిందూసుందరి పత్రికను ప్రారంభించిరి. మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మగారలు దానికి సంపాదకురాండ్రు. స్త్రీలు వ్రాసి, స్త్రీలు దిద్ది, స్త్రీలు చదువు పత్రిక యగుటచే అచ్చట అచ్చమాంబగారి లేఖిని స్వేచ్ఛగా నడచినది. స్త్రీవిద్య, దంపతుల ప్రథమకలహము, ధనత్రయోదశి, ఎరువుల సొమ్ము బరువుచేటు, లలితాశారదలు, అద్దమును సత్యవతియును మున్నగు కథలు ఆమె రచించిరి.

ఈ కథలలో ఉపన్యాసధోరణి లేకపోలేదు. ఆనాటి రచనలలో అది సహజము. అయినను విశేషమంతయు వాని తేలికదనమునందున్నది. చరిత్రగ్రంథమున గంభీరముగా వాదించిన లేఖినియే కథలలో చిఱునవ్వుతో పలికినది. దంపతుల ప్రథమకలహము అను పేరే కథలోని గొడవ యెట్టిదో చెప్పుచున్నది. అది యుద్ధము గాదు, క్రొత్తకాపురపు పంతము. ఎరువుల సొమ్ము బరువుచేటు అను శీర్షిక సామెత. అరువు నగల సరదాను గూర్చి ఇరుగుపొరుగమ్మ లాడుకొను మాటవలె చెవికి సోకును. లలితాశారదలలో రెండు పేళ్లును, అద్దమును సత్యవతియును అనుదానిలో ఒక స్త్రీయు ఆమె యద్దమును శీర్షికయందే జంటగా నిలిచినవి. ధనత్రయోదశిలో దారిద్ర్యముచే భర్త మనసు పరధనముపైకి పోగా భార్య ధర్మబుద్ధి ఆ గృహమును రక్షించును. ఇచ్చట స్త్రీ యుపదేశము శాపముగా గాని వరముగా గాని రాదు. పండుగనాటి ముంగిట, మాటలలో, నచ్చజెప్పుటగా వచ్చును. స్త్రీకి తెలిసినది ఇంటికి కీడు గాదు, రక్ష యని చెప్పుటకు ఇంతకన్న సులభమైన మార్గము లేదు.

రచనతో ఆమె తృప్తినొందలేదు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బందరులో బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. తెలుగుదేశమందలి మొదటి స్త్రీసమాజములలో నిది యొకటి. ఆ తరువాత పలుతావులకు ప్రయాణము చేసి సమాజములు ఏర్పఱచుటకు తోడ్పడిరి. రైలు ప్రయాణమే క్రొత్తయైన కాలమున మధ్యపరగణాలనుండి తీరాంధ్రమునకు వచ్చి, ఎఱుగని యిండ్ల స్త్రీలను ఒకచోట చేర్చుట సామాన్యకార్యము గాదు. నలుగురు స్త్రీలు చేరి మాటలాడుకొన్నచో కొంపలు కూలునని లోకోక్తులు పుట్టిన సంఘమది. అదే నలుగురు చేరి పుస్తకము చదువుట, లెక్కలు వ్రాయుట, సభలో నిలిచి మాటలాడుట నేర్చినచో ఏ కొంపయు కూలదని ఆ సమాజములు ఋజువు చేసినవి. ఒంటరి స్త్రీపై సులభముగా పడు నింద, తోడున్న స్త్రీపై పడుట కష్టము. సఖ్యమును ఆమె వేడుకగా గాక రక్షణసాధనముగా గ్రహించిరని దీనినిబట్టి స్పష్టము.

ఈ సందర్భమున సమకాలికమైన మరియొక రచనను పోల్చిచూడవచ్చును. వంగదేశీయురాలైన రోకియా సఖావత్ హుస్సేన్‌గారి సుల్తానాస్ డ్రీమ్ అను ఇంగ్లీషుకథ 1905లో మదరాసునుండి వెలువడు ఇండియన్ లేడీస్ మ్యాగజైనులో ప్రకటితమైనది. తెలుగింట పుట్టిన కమలా సత్యనాథన్‌గారు ఆ పత్రికకు సంపాదకురాలు. అందు ఒక స్త్రీ కలలో, సోదరిగా తాను భావించిన చెలికత్తె చేయిపట్టుకొని, స్త్రీలే పాలించు దేశమును తిరిగి చూచును. పురుషు లచ్చట ఘోషాలో నుందురు. స్త్రీలు ఎండవేడిని వశపఱచుకొని వంట వండుదురు, శత్రువులను తరుముదురు. చూచువారికి అది ఇంద్రజాలమువలె తోచును. విచారించినచో శాస్త్రమని తేలును. హాస్యమునకు వెనుక ఎంత గట్టి వాదమున్నదో పాఠకులు గ్రహింపకపోరు. రోకియాగారిది కల్పనాలోకము, అచ్చమాంబగారిది నడిల్లు. ఒకరు లోకమునే తలక్రిందులు చేసిరి. ఒకరు ఉన్న యింటనే మాట మార్చిరి. అయినను స్త్రీజ్ఞానము మాయ గాదని, దానికి దారి చూపునది మరియొక స్త్రీయేనని చెప్పుటలో ఇద్దఱును ఏకీభవించిరి. ఒకరి నొకరు ఎఱుగకయే యిట్లు చెప్పుట ఆ కాలపు స్త్రీల హృదయమున కంతటికి నిదర్శనము.

ఆ కథ వెలువడిన సంవత్సరమే, 1905 జనవరి 18వ తేదీన, అచ్చమాంబగారు పరమపదించిరి. 1896లో బొంబాయిలో తలయెత్తిన ప్లేగు రైలుమార్గముల వెంట దేశమంతట వ్యాపించుచుండిన రోజులవి. మధ్యపరగణాలును ఆ మహమ్మారికి లోనైనవి. రోగులకు పరిచర్య చేయుచు ఆ వ్యాధికే ఆమె బలియైరని జీవితచరిత్రకారులు వ్రాసిరి. బంధువులే దూరము పాఱిపోవు రోగమున పరాయివారి ప్రక్కన కూర్చుండుటయు సఖ్యధర్మములోని భాగమే. అబలాసచ్చరిత్ర రత్నమాల సంకల్పించిన రూపమున పూర్తి గాకపోయెను.

మరుసటి యేడు, 1906లో, లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. తెలుగులో చరిత్రములు, శాస్త్రములు, జీవితగాథలు ఆ మండలి పక్షమున వరుసగా వెలువడినవి. ఆ యుద్యమచరిత్రలో తమ్ముని పేరు చిరస్థాయియై నిలిచినది. అక్కగారి పేరు మాత్రము క్రమముగా మఱుగుపడెను. పత్రికల ప్రతులు శిథిలమగుట, స్త్రీల పత్రికలను గ్రంథాలయములు భద్రపఱుపకుండుట, వానియందలి రచనలు స్త్రీలకు హితోపదేశములేగాని సాహిత్యము గావను భావము, ఇవి మూడును అందుకు కారణములు. 2010లో సంగిశెట్టి శ్రీనివాస్‌గారు ఆమె కథలను సేకరించి తొలితెలుగు కథలు అను పేర ప్రకటించిన పిదపనే ప్రథమకథానికా విచారము క్రొత్త మార్గము పట్టినది.

ప్రథమస్థానము దిద్దుబాటుదా, ధనత్రయోదశిదా యను వివాదము కథానికా లక్షణమును మన మెట్లు నిర్వచింతుమను దానిపై ఆధారపడియుండును. నిర్మాణకౌశలమున గురజాడవారి కథ మిన్నయనుటకు సందేహము లేదు. అయితే దిద్దుబాటులో భర్తను దిద్దు కమలిని వంటి చదువుకొన్న భార్య తెలుగు పాఠకులకు నమ్మదగినదిగా తోచుటకు ముందు, అట్టి స్త్రీలు పత్రికలందు మాటలాడి యుండవలెను. సభలందు కలిసికొని యుండవలెను. ఆ భూమిక నేర్పఱచినవారిలో అచ్చమాంబగారు అగ్రగణ్యులు. మధ్యపరగణాలు, బెరారు, బిలాసపురము వంటి రైల్వేపట్టణములు, నాగపురము మున్నగుచోట్ల తెలుగు గృహములందు పుట్టిన వాఙ్మయమును సమగ్రముగా సేకరించినచో, ఆమె తరమువారి రచనలు మరికొన్ని వెలుగులోనికి రాగలవు. హిందీ, మరాఠీ, వంగభాషల పండితులు తమతమ భాషల స్త్రీపత్రికలను ఇదే దృష్టితో పరిశీలించినచో, 1900 మొదలు 1905 వరకు గల ఆ అయిదారు సంవత్సరములలో భారతీయస్త్రీలు ఒకరి మాట నొకరు వినకయే ఎంత దగ్గఱగా మాటలాడుకొనిరో తేటపడును.